ఏడో గాలిమర కింద మాంసం

"అబద్ధం చెప్పేటప్పుడు టోపీ సర్దుకోవడం మానెయ్యి, యేసురాజూ. ఇందాకట్నుంచీ సర్దుతూనే ఉన్నావు."

గద్దలబోడు కొండ గేటు పక్కన కాపలా గదిలో నా ఎదురుగా నిలబడ్డ మనిషి చెయ్యి టోపీ మీది నుంచి చటుక్కున కిందికి దిగింది. మారుతధార అనే గాలికరెంటు కంపెనీకి అతను వాచ్‌మన్. కొండ మీదికి దారి ఒక్కటే, ఆ దారికి గేటు ఒక్కటే, ఆ గేటు తాళంచెవి ఇతని నడుముకి వేలాడుతోంది. అలాంటి మనిషి "నాకేం తెలీదండి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఏడో నంబరు ఫ్యాను కింద మాంసం ముక్కలు ఎవరు వేస్తున్నారు?"

"ఆ స్నిగ్ధ మేడమ్ గారేనంటండి."

"అంటండి కాదు. నువ్వు చూశావా?"

"సురేష్ బాబు సార్ చెప్పారండి."

"నేనడిగింది నీ కళ్ళ సంగతి. సురేష్ బాబు గారి నోటి సంగతి కాదు."

యేసురాజు కిటికీలోంచి కొండ వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"నాకు పిల్లలున్నారు మేడమ్" అన్నాడు చివరికి.

ఎవరో ఒకరు వస్తున్నారన్నమాట. అది ఇతనికి తెలుసు. చెబితే ఉద్యోగం ఊడుతుందని కూడా తెలుసు. అంతకంటే లాగితే ఏడుస్తాడు తప్ప చెప్పడు. వదిలేసి కొండెక్కాను.

స్నిగ్ధ గంపలగూడెం అమ్మాయి. గాలిమరల కింద చచ్చిపడిన పక్షుల్ని వెతికి, ఏరి, ఫారెస్టు ఆఫీసుకి రిపోర్టు ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆమె రాకముందు ఈ కొండ మీద ఒక్క పిట్ట కూడా చావలేదని కంపెనీ చెప్పుకునేది. ఆమె వచ్చాక గద్దలు, గరుడపక్షులు, ఒక డేగ, సగానికి తెగినవీ, తల లేనివీ దొరకడం మొదలైంది. అన్ని ఫ్యాన్ల కిందా దొరికాయి గానీ, ఏడో నంబరు కింద మరీ ఎక్కువ. ఆ రిపోర్టు చూసి ఫారెస్టు రేంజర్ దశరథరామయ్య గారు ఏడో నంబరుని ఆపించారు.

వారం తిరక్కుండా కంపెనీ, గేటు దగ్గర తీసిన ఒక వీడియో జతచేసి, ఎదురు ఫిర్యాదు పడేసింది. పేరు తెచ్చుకోవడం కోసం ఆ అమ్మాయే మాంసం ఎర వేసి, పక్షుల్ని రప్పించి చంపించిందట! చిత్రమేమిటంటే అక్కడ నిజంగానే మాంసం దొరికింది. ఈ సాయంత్రం రేంజర్ గారు కొండ మీదికే వచ్చి విచారిస్తారు. మాంసం వేసింది స్నిగ్ధ కాదని అప్పటికి నేను తేల్చలేకపోతే ఆమె మీద వన్యప్రాణుల చట్టం కింద కేసు, ఏడో నంబరుకి మళ్ళీ కరెంటు.

నన్ను డిటెక్టివ్‌గా పెట్టుకున్నది ఆమె తల్లి సరోజినీదేవి. "మా పిల్ల చీమను కూడా తొక్కదమ్మా" అంది. తల్లులందరూ అదే అంటారు. నేను సామాన్యంగా నమ్మను. ఈసారెందుకో నమ్మాను.

ఏడో నంబరు కొండ అంచున ఉంది. కింద విశాలమైన సిమెంటు గచ్చు, పైన కదలకుండా నిలిచిపోయిన మూడు బ్లేడ్లు. గచ్చు మీద స్నిగ్ధ గొంతుక్కూర్చుని ఉంది. నిద్ర లేక కళ్ళు ఉబ్బిపోయాయి.

"శనివారం పొద్దున్నే కనిపిస్తాయి మేడమ్ ఈ ముక్కలు. మిగతా రోజుల్లో ఉండవు" అంది. "చచ్చిన పక్షులు కూడా శనివారమే ఎక్కువ."

"అంటే శుక్రవారం పడుతున్నాయి."

"అవును. ఇవాళ శుక్రవారమే."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. పోయిన వారం ముక్కలు ఎండి రాళ్ళకి అతుక్కుపోయి ఉన్నాయి, చీమలు వదిలేసినవి. ఒకటి గోటితో ఊడదీసి చూశాను. ఎముక లేదు, కొవ్వు లేదు. బొటనవేలంత ముక్క. ఇంకొకటి తీశాను, అదీ అంతే. కత్తి చేతిలో నిలిచిన మనిషి కోసిన ముక్కలు. పైగా ఒకచోట కుప్పగా లేవు. గచ్చు మధ్యలో రెండు మూడు, అంచున ఒకటి, తుప్పల్లో ఇంకొకటి.

పక్షికి ఎర పెట్టేవాడు చచ్చిన కోడిని తెచ్చి పడేస్తాడు. లేదంటే పేగులు తెస్తాడు. ఇవాళ మటన్ ఉన్న ధరకి మంచి కండ కోసి, ఎముక తీసి, ముక్కలు సమంగా కొట్టి, ఇలా పైకి విసురుతాడా? ఇవి కింద పెట్టిన ముక్కలు కావు. గాల్లో అందుకోమని విసిరితే, గద్దలు అందుకోలేక జారవిడిచినవి.

"ఏమైంది మేడమ్?" అంది స్నిగ్ధ.

"ఏమీ లేదు" అన్నాను. గచ్చు మీద బూట్ల చప్పుడు వినబడింది మరి.

"షమీమ్ గారూ! మా వాచ్‌మన్‌ని ఏడిపించేశారట!"

సురేష్ బాబు. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు మారుతధారకి సెక్యూరిటీ అధికారి. ఎండ ఉన్నా లేకపోయినా నల్ల కళ్ళద్దాలు తియ్యడు. డిపార్టుమెంటు వదిలేశాడు గానీ, ఎదుటి మనిషిని ముద్దాయిలా చూసే అలవాటు వదల్లేదు.

"ఏడవాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారండీ. లైను పెద్దదే" అన్నాను.

అతను నవ్వి ఫోను తీశాడు. "వీడియో చూశారుగా? సంచి నిండుగా ఉంది. అడుగున నెత్తురు కూడా కనబడుతోంది. ఈ మేడమ్ మాంసం మోసుకుని కొండెక్కుతోంది."

"చూశాను. మీరూ ఇంకోసారి చూడండి. ఆ అమ్మాయి గేటు గడియ తీస్తోంది. మీ గేటుకి గడియ ఏ వైపు ఉంది?"

అతను ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"లోపలి వైపు. బయట నుంచి చెయ్యి పెట్టినా అందదు, ఇందాక పెట్టి చూశాను. అంటే ఆ అమ్మాయి లోపలి నుంచి బయటికి వస్తోంది. కొండెక్కడం లేదు, దిగుతోంది. సంచిలో ఉన్నది చచ్చిన పక్షులు. బుర్ర అరువు కావాలంటే అడగండి, ఇస్తాను."

స్నిగ్ధ చప్పున తలెత్తింది. పాపం, ఇన్నాళ్ళలో ఆమె ముఖంలో వెలుగు చూడటం అదే మొదలు.

సురేష్ బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను, తెచ్చుకోలేదు.

"సరే, వీడియో పక్కన పెట్టేద్దాం" అన్నాడు తాపీగా. "మాంసమైతే ఎవరో ఒకరు వేశారుగా? ఈ అమ్మాయి కాకపోతే ఇంకెవరు? తీసుకురండి. రేంజర్ గారి ముందు నిలబెట్టండి. అప్పుడు నేనే ఫిర్యాదు వాపసు తీసుకుంటాను. మగాడి మాట."

"మీ మగతనం నాకెందుకు గానీ, మాట మాత్రం గుర్తుంచుకోండి."

ఓడిపోయిన మనిషి నవ్వకూడదు. అతను నవ్వుతూనే జీపు వైపు నడిచాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ ఆగి ఆలోచించే తీరిక లేకపోయింది.

కొండ దిగుతుంటే మా నాన్నమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు, ఆవిడ గుప్పెడు మాంసం ముక్కలు నా తల చుట్టూ తిప్పి, డాబా ఎక్కి గద్దలకి విసిరింది. సదకా. మీ ఇళ్ళల్లో దిష్టి తీసి పడేస్తారే, ఇంచుమించు అలాంటిదే. జబ్బుపడ్డవాళ్ళ మీదున్న కీడుని, మావాళ్ళు బలా అనేదాన్ని, గద్ద తన్నుకుపోతుందని నమ్మకం. శుక్రవారం చెయ్యడం ఇంకా మంచిదంటారు. ముక్కకి ఎముక ఉండకూడదు, గద్ద గొంతుకి అడ్డం పడుతుంది.

ఎర కాదది. ఎవరింట్లోనో ఎవరికో బాగోలేదు.

మా తిరువూరులో ఎవరికి ఏ జబ్బో తెలుసుకోవాలంటే ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు, మటన్ కొట్టు దగ్గర నిలబడితే చాలు. జుమ్మా నమాజు అయ్యాక నాగూర్ బాబాయ్ కొట్టుకి వెళ్ళాను. బాబాయ్ అంటే చుట్టం కాదు. మా ఇంటికి మాంసం ఎప్పుడూ అక్కడినుంచే.

ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. మొద్దు పక్కన విస్తరాకులో ఒక పొట్లం విడిగా ఉంది. ఆకు కొంచెం విచ్చుకుని ఉంది. లోపల బొటనవేలంత ముక్కలు, ఒక్కదానికీ ఎముక లేదు.

"బాబాయ్, ఆ పొట్లం నాకిస్తావా?"

"అది అమ్మేది కాదు షమీమమ్మా" అన్నాడు కత్తి తుడుస్తూ. "ఆసిమాది."

ఆసిమా అతని మనవరాలు. రెండో క్లాసు. ఒళ్ళంతా నీరొచ్చి వాచిపోతే బెజవాడ తీసుకెళ్ళారు, కిడ్నీల జబ్బన్నారు.

"మీ పిన్ని హుస్సేన్‌బీ చెప్పిందమ్మా, గద్దలకి సదకా ఇవ్వమని. శుక్రవారం శుక్రవారం ఇస్తున్నా. నువ్వు నమ్ముతావో లేదో, వాపు తగ్గింది. మొన్న బడికి కూడా పోయింది."

అతని ముఖం వెలిగిపోతోంది. దాచాల్సిన పని చేస్తున్నానని అనుకుంటే కదా దాచడానికి! నేను పట్టుకోవాలని వచ్చిన దొంగ ఇతనేనంటే నాకే సిగ్గేసింది.

"ఎక్కడ ఇస్తున్నావు బాబాయ్?"

"గద్దలబోడు మీద."

"అంత దూరం ఎందుకు? ఆ ఫ్యాను దగ్గరే ఎందుకు?"

"మొదట్లో బోడు కింద, రోడ్డు పక్కన చేలో విసిరేవాణ్ణమ్మా. కుక్కలు తినేసేవి. ఒకరోజు కంపెనీ సారు జీపాపి, ఏంటి పెద్దాయనా అనడిగారు. చెప్పా. ఇక్కడ కుక్కలకి పెడితే ఏం లాభం, పైకి రా, గద్దలు అక్కడే తిరుగుతాయి అన్నారు. గేటు తీయించి, జీపులో ఎక్కించుకెళ్ళి, ఆ సిమెంటు గచ్చు చూపించారు. ఇక్కడే వేసుకో, రోజూ వచ్చినా ఎవరూ ఏమనరు అన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటారే, ఆ సురేష్ బాబు గారు. ఆయన పిల్లల్ని అల్లా చల్లగా చూడాలి."

సురేష్ బాబుకి మొదట్నుంచీ తెలుసు. స్నిగ్ధ వెతికే కొండ మీదే, ఆమె రిపోర్టు చెల్లకుండా చెయ్యడానికి, పక్షుల్ని ఒకచోటికి అలవాటు చేయించాడు. అదీ, మనవరాలి ప్రాణం కోసం అల్లాడుతున్న ఒక ముసలాయన చేత్తో.

"విసిరాక ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశావా బాబాయ్?"

"అయ్యో, చూడకూడదు కదమ్మా!" అన్నాడు, నాకు తెలీదా అన్నట్టు. "మా అమ్మ నేర్పింది. సదకా విసిరాక వెనక్కి తిరిగి చూస్తే బలా మళ్ళీ మన వెంటే వస్తది. చెయ్యి ఎత్తి ఊపితే గద్దలు దిగుతాయి. విసరడం, తిరగడం, దిగిపోవడం."

అదన్నమాట! ఇన్ని శుక్రవారాలు ఇతను విసిరి, తిరిగి, దిగిపోయాడు. వెనక బ్లేడ్లు పక్షుల్ని నరుకుతుంటే ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఫ్యాను హోరులో చప్పుడూ వినబడలేదు. తెల్లారాక స్నిగ్ధ వచ్చి చచ్చిన పక్షుల్ని ఏరేసేది. మళ్ళీ శుక్రవారానికి గచ్చు మీద ఒక్క ఈక కూడా ఉండేది కాదు.

చెప్పక తప్పదు. ఇలాంటి పనులు నేనెందుకు చేస్తున్నానా అని నన్ను నేను తిట్టుకుంటూ ఫోనులో ఫోటో చూపించాను. సిమెంటు గచ్చు మీద గరుడపక్షి, ఒక రెక్క లేదు. దాని పక్కనే బొటనవేలంత ముక్క.

నాగూర్ బాబాయ్ చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇట్టాంటివి ఎన్నమ్మా?"

"చాలా ఉన్నాయి బాబాయ్."

"గద్ద తీసుకెళ్ళిపోవాలి కదా" అన్నాడు. "దూరంగా తీసుకెళ్ళిపోవాలి. అక్కడే చచ్చిపడిపోతే, మరి మా పిల్ల బలా ఎక్కడికి పోయినట్టు?"

ఫోను లోపల పెట్టేశాను.

"నువ్వొచ్చి రేంజర్ గారికి నిజం చెబితే ఒక ఆడపిల్ల కేసు నుంచి బయటపడుతుంది" అన్నాను. "కానీ బాబాయ్, నీ మీదికి రావచ్చు. ఆలోచించుకో."

"నేను వేసిన మాంసం నేనే వేశానని చెప్పడానికి ఆలోచనేంటమ్మా" అని కొట్టు తలుపు దించేశాడు. పొట్లం మాత్రం లోపలే వదిలేశాడు.

పొద్దు వాలి అసర్ నమాజు వేళయ్యేసరికి కొండ మీద ఉన్నాం. రేంజర్ దశరథరామయ్య గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మంచివారే, కానీ ఎవరి మాటకీ ఎదురు చెప్పే ఓపిక లేదు. స్నిగ్ధ ఒక పక్క, సురేష్ బాబు, యేసురాజు ఇంకో పక్క.

నాగూర్ బాబాయ్ అంతా చెప్పాడు. మనవరాలి సంగతి, సదకా సంగతి, శుక్రవారాల సంగతి. ఎక్కడా తడబడలేదు.

"అమ్మాయ్, నీ మీద ఫిర్యాదు నిలవదు" అన్నారు రేంజర్ స్నిగ్ధతో.

స్నిగ్ధ ఏడ్చేసింది. నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గెలిచాననుకున్నాను. ఆ కాస్సేపు నిజంగా గెలిచాననే అనుకున్నాను.

"ఈ చోటు చూపించింది ఈ సారేనండి" అన్నాడు నాగూర్ బాబాయ్.

సురేష్ బాబు మొదటిసారి కళ్ళద్దాలు తీశాడు. "నేనా? ఈ పెద్దాయన్ని ఇవాళే చూస్తున్నా. యేసురాజూ, నువ్వెప్పుడైనా చూశావా?"

యేసురాజు నేల చూశాడు. "లేదండి."

"గేటు కెమెరా చూడండి సార్" అన్నాను.

"గేటు కెమెరా శుక్రవారాలు సర్వీసింగులో ఉంటుంది" అన్నాడు సురేష్ బాబు, ముందే అనుకుని ఉంచిన మాటలా. రేంజర్ వైపు తిరిగాడు. "సార్, విషయం తేలిపోయింది కదా. నడిరోడ్డు మీద గింజలు చల్లి కోళ్ళని పిలిస్తే, తొక్కిన లారీది తప్పా? ఈయన మాంసం మానేస్తే పక్షులు రావు. ఇక ఏడో నంబరు ఆపడానికి కారణమేముంది? ఈ అమ్మాయి రిపోర్టులో అంకెలన్నీ ఈ మాంసం అంకెలే. మా రెండో విడత ఫ్యాన్ల పర్మిషనుకి కూడా అడ్డం తొలిగినట్టే."

"మిగతా ఫ్యాన్ల కింద కూడా చచ్చాయి సార్!" అంది స్నిగ్ధ. "అక్కడ ఎవరు వేశారు మాంసం?"

రేంజర్ గారు కళ్ళు మూసుకున్నారు. "ఆ సంగతి తర్వాత చూద్దామమ్మా. ఏడో నంబరుకి కారణం దొరికింది. కారణం దొరికాక కూడా ఆపి ఉంచమనడానికి నాకు రూలు లేదు. నా చేతుల్లో ఏముంది చెప్పు." నాగూర్ బాబాయ్‌తో, "పెద్దాయనా, ఇంకోసారి కొండ మీద కనబడితే కేసు పెడతాను" అన్నారు.

సురేష్ బాబు కంట్రోల్ రూముకి ఫోను చేశాడు. తర్వాత నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"థాంక్స్ మేడమ్. చచ్చినవాటిలో గరుడపక్షులున్నాయి. చంపింది నాగూర్ అని మా కంపెనీ అంటే ఊళ్ళో ఎంత గొడవయ్యేదో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరే వెతికి, మీరే తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడు మమ్మల్ని ఎవరు వేలెత్తి చూపిస్తారు?"

పొద్దున అతని నవ్వు దేనికో అప్పుడర్థమైంది. స్నిగ్ధ మీద ఫిర్యాదు పెట్టింది స్నిగ్ధని పట్టించడానికి కాదు, ఆమెని కాపాడాలని వచ్చేవాళ్ళని నాగూర్ దాకా నడిపించడానికి. నేను గేటు గడియ గురించి, ముక్కల సైజు గురించి తెలివితేటలు చూపిస్తూ అతని పనే చేసిపెట్టాను. చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టి ఏం చెయ్యను? రుజువు లేదు, సాక్షి లేడు, రూలు లేదు.

పైన గరగరమని శబ్దం. బ్లేడ్లు కదిలాయి. మొదట బద్ధకంగా, తర్వాత గాలి అందుకుని.

"సార్, ఆపించండి!" స్నిగ్ధ అరిచింది. "ఇవాళ శుక్రవారం సార్! వాటి టైమిది!"

"మాంసం లేదుగా అమ్మాయ్. ఎందుకొస్తాయి?" అన్నాడు సురేష్ బాబు.

"మాంసం లేదని వాటికెవరు చెప్పారు?"

ఎ.కొండూరు వైపు నుంచి ఒక గద్ద వచ్చింది. దాని వెనక రెండు. తర్వాత ఎన్నో. ఏడో నంబరు చుట్టూ, సరిగ్గా బ్లేడ్ల ఎత్తులో, గచ్చు వైపు చూస్తూ తిరగడం మొదలుపెట్టాయి. ఇన్ని నెలలు నేర్చుకున్న చోటు అది. ఎదురుచూస్తున్నాయి. రేంజర్ గారు కుర్చీలోంచి లేచి "ఫోను చెయ్యండి, ఆపమనండి" అన్నారు. సురేష్ బాబు తీరిగ్గా నంబరు వెతుకుతున్నాడు. ఆపమన్నా అంత పెద్ద యంత్రం వెంటనే ఆగదని మా అందరికీ తెలుసు.

నాగూర్ బాబాయ్ పరిగెత్తాడు. ఆ వయసులో అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. గచ్చు మధ్యకి వెళ్ళి, తలెత్తి, "పోండి! పోండమ్మా, పోండి!" అని అరుస్తూ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

"చేతులు దించు బాబాయ్!" అని అరిచాను. హోరులో అతనికి వినబడలేదు.

ఆ మనిషి వాటికి తెలుసు. ఆ చెయ్యి పైకి లేస్తే ఏమిటో కూడా తెలుసు. ఖాళీ చేతులు ఊపుతూ ఏడుస్తున్న అతని వైపు గద్దలన్నీ ఒక్కసారిగా దిగడం మొదలుపెట్టాయి.